ఖాకీ ముక్కలు

కొడుకు వంశీ ఫోన్ల దుకాణానికి వెళ్లిపోయాడు. కోడలు వాణి తన గదిలోకి పోయింది. ఇక మధ్యాహ్నం దాకా కృష్ణవేణమ్మను పలకరించే దిక్కు లేదు. గిద్దలూరంత ఊళ్లో, బజారు పక్క ఇంట్లో మాట్లాడే మనిషి కరువా అంటే కరువే. మొగుడు ఓబులేసు పోయి ఏడాది దాటింది. ఆయన పేరెత్తితే చాలు, కొడుకు లేచి బయటికి వెళ్లిపోతాడు. ఆ పేరు లేకుండా ఆమెకు మాట్లాడ్డానికి ఇంకేముంది?

చాప పరుచుకుని గుడ్డల సంచి విప్పింది. కోడలికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు బొంత కుడుతోంది. పాత చీరలన్నీ బొటనవేలంత చదరాలుగా కత్తిరించి, ఒక్కొక్కటీ చేత్తో అతుకుతోంది. పెద్ద ముక్కలైతే ఎప్పుడో అయిపోయేది కదా అని పక్కింటి కోటమ్మ నవ్వింది కూడా. నవ్వితే నవ్వింది, అసలు సంగతి ఆమెకేం తెలుసు?

ఆ పూల ముక్కల మధ్య అక్కడక్కడా ఖాకీ చదరాలున్నాయి. బస్సు డ్రైవరు ఓబులేసు తొడుక్కున్న చొక్కా అది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదని పెద్దకర్మ నాడు అన్నీ మూటగట్టి ఇచ్చేశారు. ఆ ఒక్కటీ ఆమె బియ్యం డబ్బాలో దాచింది. ఇంత చిన్నగా కోస్తే ఎవరు గుర్తుపడతారులే అనుకుంది. మనవణ్ణి తాత ఎట్లాగూ ఎత్తుకోలేడు, ఆయన చొక్కా అయినా ఎత్తుకోనీ అని ఆమె ఆశ.

మంచినీళ్లకొచ్చిన వాణి ముచ్చటపడి బొంత అంచు పట్టుకుంది. చేయి అక్కడే ఆగిపోయింది.

“ఏందత్తా ఇది? మామ చొక్కా కదా?”

“ఉతికి ఆరేసినాలేమ్మా…”

“పోయినోళ్ల గుడ్డ నా బిడ్డ కింద పరుస్తావా? అదీ నాకు చెప్పకుండా? కాన్పుకు పోయినాక బిడ్డను ఎత్తుకోని ఈ ఇంటికి రావాలంటేనే భయమైతాంది నాకు.”

“అంత మాటనద్దమ్మా. ఊడదీస్తా. అన్నీ ఊడదీస్తా.”

వాణి విసురుగా లోపలికి వెళ్లిపోయింది. కృష్ణవేణమ్మ బ్లేడు తెచ్చుకుని కుట్లు తెంపడం మొదలుపెట్టింది. మనిషి ఒకసారి పోయాడు చాలదా, ఇప్పుడు తన చేత్తో మళ్లీ పంపాలా అని ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

అన్నానికొచ్చిన వంశీ తల్లి ఒళ్లో ఉన్న ముక్కలు చూశాడు. కొంగు కప్పింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఒక ముక్క తీసి ముక్కుకు ఆనించుకున్నాడు. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

“నాయనది ఒకటి నీ దగ్గరుందామ్మా?” ముక్కను గుప్పిట్లో పట్టుకున్నాడు. “ఆ పొద్దు మూట గట్టింది నేనే. ఒక్కటన్నా దాచుకోకపోతినే అని… నీకు చెప్తే ఏడుస్తావని చెప్పలే.”

అంతే, చిన్నపిల్లాడిలా తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చేశాడు. గుమ్మంలో నిలబడిన వాణి, మొగుడు ఏడవడం పెళ్లయ్యాక మొదటిసారి చూసింది. మెల్లగా వచ్చి, అత్త చేతిలోని బ్లేడు తీసేసింది.

“ఊడదీయద్దులే అత్తా. ఇది నీ కొడుక్కియ్యి. బిడ్డకు ఇంకోటి కుడదాం, నేనూ కూర్చుంటా.”

కృష్ణవేణమ్మ కొడుకు తల నిమురుతూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఏడ్చేది తానొక్కతే అనుకుంది, పిచ్చితల్లి.