కిటికీ కింద పచ్చికాయలు

మంగళవారం పదకొండుంపావు. ముసునూరు దగ్గర మామిడితోటలో, మోటారు షెడ్డు పక్కన, ఆసామి తిరుపతిరావు శవమై కనిపించాడు. తలమీద ఒక్కటే దెబ్బ. పక్కనే కాయలు కోసే చిక్కం కర్ర, దాని నిండా నెత్తురు.

కర్ర పాలేరు పెద్దిరాజుది. ఇంకేం, తెచ్చి స్టేషన్లో కూర్చోబెట్టారు. శనివారం సాయంత్రం నాలుగింటికి అరెస్టు చూపించి కోర్టులో పెట్టమని పైనుంచి ఆర్డరు.

ఎస్సై సౌజన్యకి మనసొప్పలేదు. పెద్దిరాజు పెళ్లాం దుర్గ నాలుగు రోజులుగా స్టేషన్ మెట్ల మీదే ఉంది. ఏడవడం కూడా మానేసింది. ఒక్క మాటే అంటోంది.

"సోమవారం దొరగారి కోసం రసాలు మాగేసొచ్చాడండి. చంపేవాడు మాగేస్తాడా?"

శనివారం ఒంటిగంటా నలభై. సౌజన్య మళ్లీ తోట పక్కనున్న తిరుపతిరావు ఇంటికెళ్లింది. వసారాలో ఆయన మేనల్లుడు హరీష్ ఉన్నాడు. డ్రోన్‌తో తోటల వీడియోలు తీస్తాడు. తోటని ప్లాట్లు వేద్దామని ఏడాదిగా పోరుతున్నాడు. మామయ్య సంతకం పెట్టనన్నాడు.

"మంగళవారం ఎక్కడున్నావు?"

"ఇక్కడే మేడం. తొమ్మిది నుంచి తోటలో కేక వినపడేదాకా. వీడియోలన్నీ పాత స్టోరేజ్ బాక్సులోంచి కొత్తదాంట్లోకి మారుస్తున్నా."

"లేవలేదా?"

"వైఫైలో ల్యాప్‌టాప్ గుండా కాపీ అవుతాయండి. అది పట్టుకుపోయినా, మూసినా ఆగిపోతుంది. ఏ వీడియో ఎప్పుడొచ్చిందో లాగ్‌లో ఉంటుంది చూడండి, ఎక్కడా ఆగలేదు."

"రెండు బాక్సుల మధ్య కేబుల్ వేశావా?"

"లేదండి."

లాగ్ ఆమె మూడుసార్లు చూసింది. నిజమే, ఆగలేదు. ఎక్కడ ఆగిందా అనే ఇన్నాళ్లూ అందరూ వెతికారు.

కొత్త బాక్సు వసారా బల్ల మీదుంది. పాతది వసారా వెనకున్న గది కిటికీ గూట్లో ఉంది. ఆ కిటికీ వసారాలోకే. అద్దం ఒకటి పగిలి చెయ్యి పట్టేంత కంత. పెద్దిరాజు రసాలు మాగేసిన ఆ గదికి మాత్రం తాళం. సోమవారం నుంచి తియ్యలేదని తిరుపతిరావు భార్య సుబ్బరత్నమ్మ చెప్పింది. మాగేసిన గది మధ్యలో తీస్తే కాయ చెడుతుందట.

సౌజన్య తీయించింది. గుప్పున వాసన. గడ్డిలో రసాలన్నీ పసుప్పచ్చగా మాగాయి. కిటికీ కింద పదకొండు కాయలు మాత్రం రాళ్లలా, పచ్చగా ఉన్నాయి.

సుబ్బరత్నమ్మ కంత వైపు చూసింది. "ఇందులో గోనెసంచి ఏదీ? గాలి దూరకుండా పెద్దిరాజు కుక్కాడే."

సంచి వసారా బల్ల కింద పడుంది.

మూడుంపావుకి అందరినీ వసారాలో కూర్చోబెట్టింది. దుర్గనీ పిలిపించింది. సౌజన్యకి ఒళ్లు మండుతోంది, గొంతు మాత్రం నెమ్మదిగానే ఉంది.

"వీడియోలన్నీ ఒకే సైజు. పది ఇరవై దాకా ఒక్కోటి రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఒక్క నిమిషం. మీ వైఫైకి ఆ స్పీడు జన్మలో రాదు. కంతలోంచి చెయ్యి పెట్టి, రెండు బాక్సులకీ కేబుల్ తగిలించావు. ఇక ల్యాప్‌టాప్‌తో పనిలేదు, నీతోనూ పనిలేదు. అవి కాపీ చేసుకుంటుంటే నువ్వు తోటకెళ్లావు."

హరీష్ నవ్వబోయాడు. "స్పీడు ఎన్నింటివల్లో పెరుగుతుంది మేడం."

"పెరగొచ్చు. కాయలు అబద్ధమాడవు కదా. కేబుల్ కోసం గోనె పీకావు. పని అయ్యాక కేబుల్ తీసుకున్నావు గానీ, గోనె మళ్లీ కుక్కలేదు. నాలుగు రోజులు గాలి కొట్టి దాని కింది కాయలు మాగలేదు. అదెందుకుందో నీకు తెలీదు. పెద్దిరాజైతే చచ్చినా అలా వదలడు."

కానిస్టేబుల్ హరీష్ డ్రోన్ బ్యాగుని తలకిందులు చేసి దులిపాడు. కేబుల్ పడింది. దాని క్లిప్పులో చిన్న గడ్డిపరక ఇరుక్కుని ఉంది.

హరీష్ తల దించుకున్నాడు. దుర్గ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవసాగింది.

సుబ్బరత్నమ్మ ఎవరినీ చూడకుండా అంది.

"వీడు కదల్లేదంటే నమ్మాను. ఆవేళ ఆవకాయ ముక్కలు కొట్టించడానికి పక్కింటికి వెళ్తూ వీడికి కాఫీ ఇచ్చాను. మామయ్య ఎక్కడత్తా అన్నాడు. మోటారు షెడ్డు దగ్గర ఒక్కడే ఉన్నాడురా, కాస్త చూసిరా అని నేనే చెప్పాను."