వాల్వు మూసుకునేదాకా

ప్రోగ్రామ్ రాసిన ఇంజనీరును పొద్దున్నే నడిరోడ్డు మీద కాల్చేశారు. అతని జేబులోని పెన్‌డ్రైవ్ మాత్రం చీఫ్ బల్ల మీదికి చేరింది.

"కెమికల్ ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో విదేశీ ముఠా తిష్ఠ వేసింది. షిఫ్టు మారేలోగా విషవాయువు వదులుతారు," అన్నాడు చీఫ్ ఏజెంట్‌తో. "ఇది పెట్టి ఎంటర్ నొక్కు. ముందు గ్యాస్ వాల్వు మూసే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. పది సెకన్లు ఆగి కరెంటు పోతుంది. ఇక వాళ్ల తాత దిగొచ్చినా దాన్ని తెరవలేడు. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్‌వర్డ్, 'చల్లగా ఉందా'."

"నిజంగా మన మనిషేనా?"

"రెండు వైపులా జీతం తీసుకుంటోంది. నువ్వే తేల్చుకో."

ఏజెంట్‌కు ఒళ్లు మండింది. ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లోనే అతని చెల్లెలు పని చేస్తోంది. బయటికి రమ్మని ఫోన్ చేద్దామంటే ముఠా లైన్లన్నీ వింటోంది.

ఏసీ మెకానిక్ వేషంలో అతను లోపలికెళ్లేసరికి కంట్రోల్ రూమ్‌లో ఆవిడ ఒక్కతే ఉంది. చూపు తిప్పుకోనివ్వని అందం, చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"చల్లగా ఉందా?"

"గడ్డకట్టేలా ఉంది. త్వరగా కానివ్వు, బయటికి పంపిన మావాళ్లు తిరిగొస్తారు."

"మావాళ్లా?"

"మాటవరసకన్నాను."

అతను పెన్‌డ్రైవ్ పెట్టాడు. స్క్రీన్ చూడగానే ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది.

"పది సెకన్లా? ఏ తెలివిమంతుడు రాశాడిది?"

"చచ్చినవాణ్ణి తిట్టకు."

"ఆఫీసులో కొత్త వాల్వు పెట్టుకుని, స్టాప్‌వాచ్ చూసి రాసుంటాడు. ఇక్కడిది తుప్పు ముద్ద. సగంలో కరెంటు పోతే అక్కడే ఆగిపోతుంది. గ్యాస్ వదలడానికి ఆ సందు చాలు."

"అయితే రెండు నిమిషాలు పెడదాం."

"ఎంత పెట్టినా గుడ్డి లెక్కే. వాల్వు పూర్తిగా మూసుకున్నాక ఆ సాఫ్ట్‌వేరే చెప్తుంది. ఆ కబురొచ్చేదాకా ఆగమని రాయి. ఆ తర్వాతే కరెంటు."

"నీవాళ్లొచ్చేదాకా నన్నిక్కడే కూర్చోబెడతావన్నమాట."

"నమ్మకపోతే నీ ఖర్మ."

అతనికి ఆవిడంటే అసహ్యం వేసింది. కానీ వస్తూ వస్తూ పైపుల మీద పెచ్చులూడుతున్న తుప్పు తన కళ్లతోనే చూశాడు. పళ్లు కొరుకుతూ పది సెకన్ల లైను చెరిపి, ఆవిడ చెప్పినట్టే రాసి ఎంటర్ నొక్కాడు.

పది సెకన్లు దాటాయి. స్క్రీన్ ఉలకలేదు, పలకలేదు. కారిడార్‌లో బూట్ల చప్పుడు మొదలైంది. తలుపు మీద దెబ్బలు పడ్డాయి. భయంతో అతని చెయ్యి గోడ మీది మెయిన్ స్విచ్ మీదికి పోయింది.

"మోసం చేశావు కదూ? లోపల మా చెల్లెలుంది!"

"అయితే ఆ చెయ్యి తియ్యి!" అని ఆవిడ అరిచింది.

అతను చెయ్యి తీశాడు. తలుపు విరిగింది. ముందు దూసుకొచ్చినవాణ్ణి, తనవాణ్ణే, ఆవిడ కాల్చేసింది. రెండోవాడు తుపాకీ ఎత్తేలోగా స్క్రీన్ మీద అక్షరాలు మెరిశాయి: 'వాల్వు పూర్తిగా మూసుకుంది.' మరుక్షణం గదంతా చీకటి కమ్మింది.

ఆ చీకట్లో ఆవిడ ఎటు మాయమైందో తెలియలేదు. ఏజెంట్ ఏసీ గొట్టంలోంచి పాక్కుంటూ బయటపడేసరికి ఫోన్ మోగింది. చెల్లెలి గొంతు వినగానే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"అన్నయ్యా, ఎవడో దిక్కుమాలినవాడు కరెంటు తీసేశాడు. వారం రోజుల ప్రయోగం తగలడిపోయింది!"

"నిజమే తల్లీ," అన్నాడు ఏజెంట్. "అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదు."