ఉత్తగా తిరిగొచ్చిన డబ్బా

గండయ్య చచ్చిపోయిన సంగతి మేడ్చల్ స్టేషన్‌లో ఎవరికీ తెలియలేదు. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చునే ఉన్నాడు. ఒళ్లో పేపరు, పక్కన సగం తాగిన చాయ్. ఉదయం లోకల్ వచ్చింది, పోయింది. ఎక్కేవాళ్లు ఆయన కాళ్లు తొక్కకుండా పక్కకు జరిగి ఎక్కారు.

పూలమ్మే మనిషి వేషంలో ఉన్న రోజారాణి బుట్ట దించి ఆయన పక్కనే కూర్చుంది. పట్టాల వైపు చూస్తూ కోడ్ వర్డ్ చెప్పింది.

"శామీర్‌పేట చెరువు నిండిందా కాకా?"

'అలుగు పారుతాంది' అని జవాబు రావాలి. రాలేదు. మళ్లీ అడిగింది. అప్పుడు చాయ్ గ్లాసు చూసింది. తీపికి ఎక్కిన చీమలు అంచు మీదే వరసగా పడి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

ఈ గూఢచారి పనిలో రోజారాణికి ఓనమాలు నేర్పింది గండయ్యే. పేపరు సర్దుతున్నట్టు వంగి మడతలో వేలు పెట్టింది. చీటీ దొరికింది. "కవరు మారుస్తరు. మార్చేది మనోళ్లే."

మేడ్చల్ బస్టాండు దగ్గర 'వీసా స్లాట్లు ఇప్పించబడును' అని బోర్డున్న జిరాక్స్ షాపు ఒకటుంది. దాని వెనక గదే డిపార్ట్‌మెంట్ ఆఫీసు. చీఫ్ వెంకటనర్సయ్య చీటీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కూసో బిడ్డా. కార్విన్యా సంగతి నీకు తెల్సిందే."

తెలుసు. నిరుడు కార్విన్యా దేశం మనవాళ్ల వీసా ఫీజును ఎనిమిది వేల నుంచి ఎనభై వేలకు పెంచింది. వారం తిరక్కుండా మనమూ వాళ్లకు అంతే పెంచాం. దీన్ని రెసిప్రోకల్ పాలసీ అంటారు. నువ్వెంతంటే నేనంత. ఫీజు పెరిగేకొద్దీ దొంగ వీసాలమ్మే ముఠాకు పండుగైంది. ఇవాళ పదకొండు గంటలకు శామీర్‌పేట గెస్ట్ హౌస్‌లో రెండు దేశాలూ ఫీజు తగ్గించుకోబోతున్నాయి. ముందు తగ్గించినవాడికి తలవంపులని, ఇద్దరూ ఒకేసారి సీల్డ్ కవర్లు విప్పాలని షరతు పెట్టుకున్నారు. రెండింట్లోనూ ఎనిమిది వేలే ఉండాలి.

"మన కవర్ల లక్షా అరవై వేలని ఉంటే?" అన్నాడు వెంకటనర్సయ్య. "వాళ్ల రాయబారి అది అవమానమనుకుంటడు. లేసి పోతడు. సాయంత్రానికి మనోళ్లకు వీసాలే బంద్."

రోజారాణి తల దించుకుంది. కార్విన్యాలో నర్సుగా ఉన్న చెల్లెలు భవితను పన్నెండు రోజుల క్రితం లారీ గుద్దింది. ఐసీయూలో ఒంటరిగా ఉంది. అమ్మ బాలనర్సమ్మ రెండుసార్లు వీసాకు పెట్టింది. రెండుసార్లూ కాదన్నారు, కట్టిన ఫీజు వాపసు రాలేదు. మూడో దరఖాస్తు వాళ్ల బల్ల మీదుంది. బంద్ అయితే అది అక్కడే ఉండిపోతుంది.

"కవరు ముట్టేది ఇద్దరే. సెక్యూరిటీ సుజిత్, మన శ్రీలేఖ. ఇంకోటి జెప్త ఇను. అసలు కవరుకు మైనం పూత ఉంటది. నీళ్లు వడితే జారిపోతయి. గీ ముచ్చట నీకూ నాకే ఎరుక."

"అయితే నీళ్లు పోసి చూస్తే అయిపాయె."

"రాయబారి ముంగట సీల్డ్ కవరు మీద నీళ్లు పోస్తవా? అది అసలుదైతే ఒప్పందాన్ని మనమే ముంచినట్టు. పక్కాగ తెలిస్తేనే ముట్టాలె."

శ్రీలేఖ డబుల్ ఏజెంట్. మూడేళ్లుగా ముఠాలో ఉంటూ వాళ్ల వార్తలు గండయ్యకు చేరవేస్తోంది. అల్వాల్‌లో పుట్టి పెరిగానని చెబుతుంది. నాలుగు భాషలు వచ్చు కాబట్టి ఇవాళ దుభాషి కూడా ఆమే. చీర కుచ్చిళ్లు కత్తితో కోసినట్టు ఉంటాయి. నడిచిపోయాక కూడా కాసేపు సెంటు వాసన అక్కడే నిలబడుతుంది. డిపార్ట్‌మెంట్ ఆమెకు అలియాబాద్‌లో, రోజారాణి ఇంటి పక్కనే ఇల్లు చూసిపెట్టింది.

తొమ్మిదిన్నరకు గెస్ట్ హౌస్ వంటింట్లో రోజారాణి సర్వర్ యూనిఫాంలో గ్లాసులు తుడుస్తోంది. కళ్లజోడులో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. శ్రీలేఖ నీళ్ల కోసం వచ్చినట్టు వచ్చి చెవిలో చెప్పింది.

"సుజిత్ కోటు జేబులో రెండో కవరు చూశాను రోజా గారూ. పదకొండుకు ఐదు నిమిషాల ముందు వెనక గేటు దగ్గరికి వెళ్తాడు. అక్కడ పట్టుకోండి." వెళ్లబోతూ ఆగింది. "గండయ్య గారి కోసం."

రోజారాణికి గుండె రగిలింది. సరేనంది.

పదిన్నరకు ఫోన్ మోగింది. అమ్మ. కూతురు ఏదో సర్కారు ఆఫీసులో టైపిస్టని ఆమె నమ్మకం.

"రోజా, వీసా సంగతి ఏమన్న తెల్సిందా? పిల్ల ఒక్కతే ఉన్నదే ఆడ."

"ఇయ్యాల తెలుస్తదమ్మా. పనిల ఉన్న."

"ఉండు, ఒక్క మాట. మీ ఆఫీసు పిల్ల శ్రీలేఖ లేదా, పొద్దుగాల డబ్బా ఇచ్చిపోయింది. మల్ల ఉత్తదే."

"ఏం డబ్బా?"

"సర్వపిండి పంపిన గదనే. అంతకు ముందు సకినాలు, గారెలు. మూడు సార్లు పంపితే మూడు సార్లూ తళతళ కడిగి ఉత్తగనే తెచ్చింది. ఇంత చక్కెరన్న ఎయ్యదా? బెల్లం ముక్కన్న పెట్టదా? లేనోళ్లు సుత రెండు పచ్చిమిరపకాయలు ఏసిస్తరు. ఎవల బిడ్డనే ఆమె?"

రోజారాణి చేతిలో గ్లాసు ఆగిపోయింది.

ఒకసారైతే మరపు. రెండుసార్లైతే బద్ధకం. మూడుసార్లు, అదీ నవ్వుతూ, ఏ తప్పూ చేయనట్టు. అల్వాల్‌లో అవ్వ చేతిలో పెరిగిన పిల్ల పక్కింటి గిన్నెను ఉత్తగా పంపదు. అది ఎవరూ నేర్పరు. చిన్నప్పుడు చక్కెర డబ్బా మోసుకుపోయిన చేతులకే వస్తుంది. శ్రీలేఖకు ఎవరో భాష నేర్పారు, పండుగలు నేర్పారు, బతుకమ్మ పాటలు నేర్పారు. ఇది మాత్రం వాళ్ల పుస్తకంలో లేదు. పుట్టిన ఊరే అబద్ధమైతే సుజిత్ జేబులో కవరూ అబద్ధమే.

"సార్, శ్రీలేఖే" అంది మైకులో. కారణం చెప్పింది.

ఇయర్‌పీస్‌లో నిట్టూర్పు. "మూడు డబ్బాలు సూసి మనిషిని వట్టుకుంటమా బిడ్డా? తప్పైతే నీ చెల్లె కాడికి మీయమ్మ పోలేదు. ఎరికేనా?"

"ఎరికే సార్."

పదకొండుకు ఐదు నిమిషాలు. సుజిత్ వెనక గేటు వైపు నడిచాడు. శ్రీలేఖ హాలు గుమ్మంలోంచి రోజారాణిని చూసి, వెళ్లమన్నట్టు కళ్లతో సైగ చేసింది. రోజారాణి నీళ్ల గ్లాసుల ట్రే ఎత్తుకుని హాల్లోకే వచ్చింది.

పొడవాటి బల్ల. ఒక పక్క కార్విన్యా రాయబారి, ఎదురుగా మన అధికారి శ్రీనివాసరావు. మధ్యలో రెండు కవర్లు. గోడ గడియారంలో పదకొండుకు ఒక్క నిమిషం. రోజారాణికి ఐసీయూ మంచం కళ్లలో మెదిలింది. కాలు జారినట్టు తూలింది. ట్రే వంచింది.

గ్లాసుడు నీళ్లు మన కవరు మీద పడ్డాయి.

రాయబారి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. శ్రీనివాసరావు ముఖం పాలిపోయింది. ఒక క్షణం ఏమీ కాలేదు. రెండో క్షణంలో కవరు నీళ్లు పీల్చుకుంది. కాగితం నల్లబడి మెత్తబడింది. సీలు అంచు వెంబడి ఎర్ర రంగు కారింది.

శ్రీలేఖ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. లిప్‌స్టిక్ మూత తీయగానే మెరిసింది సూది. రోజారాణి ట్రేతో ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చింది. సూది నేల మీద దొర్లింది. బ్యాగ్ అస్తరు చింపితే అసలు కవరు బయటపడింది. దాని మీద రాలిన నీటి చుక్కలు తామరాకు మీదలా జారిపోయాయి.

"నీళ్లు ఒలికినందుకు క్షమించండి" అంది రోజారాణి. "విప్పాల్సింది ఇది."

గడియారం పదకొండు కొడుతుండగా రెండు కవర్లూ విప్పారు. ఎనిమిది వేలు. ఎనిమిది వేలు.

వెనక గేటు దగ్గర సుజిత్ చేతిలో ఉన్న కవరు శ్రీలేఖ ఇచ్చిందే. లోపల తెల్ల కాగితం. పాపం, ఎందుకు నిలబడమన్నారో అతనికి తెలియదు.

జీపు ఎక్కేముందు శ్రీలేఖ ఆగింది. జుట్టు కూడా చెదరలేదు.

"ఎక్కడ దొరికిపోయాను?"

"డబ్బా మరీ శుభ్రంగ కడిగినవ్" అంది రోజారాణి. శ్రీలేఖకు అర్థం కాలేదు. గండయ్య గుర్తొచ్చి రోజారాణికి ఇంకేమీ చెప్పబుద్ధి కాలేదు.

నాలుగో రోజు వెంకటనర్సయ్య అలియాబాద్ ఇంటికి వచ్చాడు, టైపిస్టు గారి ఆఫీసరుగా. తోసిపుచ్చలేని సాక్ష్యమని డిపార్ట్‌మెంట్ పట్టుకుపోయిన స్టీలు డబ్బాను బాలనర్సమ్మ చేతిలో పెట్టాడు. మూత తీస్తే నిండా చక్కెర. చక్కెర మీద ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు. అందులో కార్విన్యా వీసా.

బాలనర్సమ్మ పాస్‌పోర్టును కళ్లకద్దుకుని చాలాసేపు ఏడ్చింది. భవిత నిన్న కళ్లు తెరిచిందట. మాట ఇంకా రాలేదు. విమానం రేపు.

ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, డబ్బాను చేతుల్లో అటూ ఇటూ తిప్పింది. వంటింటి వైపు చూసింది.

"ఇన్ని చక్కెర వోసి ఇస్తివి సారూ. ఇగ దీన్ని ఉత్తగ ఎట్ల పంపుత? కూసో, సర్వపిండి ఒత్తుత."

ఆమె ఏడుపు చూసి కూడా చెదరని వెంకటనర్సయ్య ముఖం అప్పుడు వాడిపోయింది. ఆ డబ్బాను మళ్లీ ఉత్తగా తేలేడు, ఆయన ఇంట్లోనేమో చక్కెర అయిపోయింది.