రెండో డిస్క్

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి లాప్‌టాప్ ఆన్ చేయడం బొమ్మల టీచరుకి అలవాటు. పాలు పొంగేలోపు అది లేచేది. ముసలిదే గానీ, విండోస్ తీసేసి లినక్స్ వేసినప్పటి నుంచీ మాట వినేది. అలాంటిది మొన్నటి నుంచి మొండికేసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరి, ఒకచోట ఆగి, ‘ఎమర్జెన్సీ మోడ్’ అని చేతులెత్తేస్తోంది.

అందులో ఉన్నవి మామూలు బొమ్మలు కావు. వినపడని పిల్లల బడి కోసం ఆవిడ గీసిన చేతి సైగలు, ఒక్కో మాటకి ఒక్కో బొమ్మ. ఆరేళ్ల కష్టం. వచ్చే వారం పుస్తకంగా అచ్చుకి వెళ్లాలి. ఇంకో కాపీ తీయాలని అనుకోవడమే గానీ తీసింది లేదు. ఆవిడ పదేళ్ల కూతురు చదివేదీ ఆ బడిలోనే. పుట్టుకతోనే వినపడదు, కానీ చేతులు క్షణం ఊరుకోవు. అందుకే ఇంట్లో ‘పిచ్చుక’ అంటారు.

“ఇంకా దాంతోనే కుస్తీనా?” అన్నాడు భర్త, టీ గ్లాసు పక్కన పెడుతూ. “దాని ఆయువు తీరిపోయింది, వదిలెయ్. కొత్తది కొనిపెడతాలే.”

“కొత్తదాంట్లో నా బొమ్మలుంటాయా?”

ఆయన గిన్నెలు తోమడానికి లేచాడు. రెండు రోజులుగా ఇదే వరస. అడక్కుండానే టీ ఇస్తున్నాడు, గిన్నెలు తోముతున్నాడు. ఎంత మంచివాడో అని ఆవిడ మురిసిపోయింది కూడా.

లాప్‌టాప్‌లో డిస్కులు రెండు. మొదటిదాంట్లో సిస్టమ్, రెండోదాంట్లో బొమ్మలు. ఎమర్జెన్సీ మోడ్‌లోనే కమాండ్ కొట్టి, డిస్కుల వివరాలు అడిగి చూసింది. మొదటిది బాగానే ఉంది. రెండోదీ ఉంది, కానీ దాని గుర్తింపు నంబరు మారిపోయింది. పేరు ‘న్యూ వాల్యూమ్’ అట. పాత నంబరు డిస్కు కోసం చూసి చూసి, అది దొరక్క సిస్టమ్ ఆగిపోతోంది.

డిస్కు పాడైతే పాడవుతుంది గానీ, తనంతట తనే పేరు మార్చుకోదు. అది విండోస్ చేసిన ఫార్మాట్. ఇంట్లో విండోస్ ఉన్నది ఒక్క ఆయన కంప్యూటర్‌లోనే.

“నా డిస్కు ఎందుకు తీశారు?”

“నేనా? దాని సంగతి నాకేం తెలుసు?”

“దీనికి ‘న్యూ వాల్యూమ్’ అని మీ కంప్యూటరే పేరు పెట్టి మరీ పంపింది. ఇదిగో, చూడండి.”

ఆయన తెర వైపు చూశాడు. “తమ్ముడి పెళ్లి వీడియోలు ఎక్కిద్దామని... నువ్వు బడికెళ్లినప్పుడు తీశాను. తగిలించగానే, చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చేయమంది నా కంప్యూటరు. ఖాళీదే అనుకుని నొక్కేశాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి, ఏదీ ఎక్కించకుండా తిరిగి బిగించాను. ఇది లేవలేదు. అప్పుడర్థమైంది.”

“అర్థమయ్యాక నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వేమంటావో అని...”

“పొరపాటు ఎవరైనా చేస్తారండీ. రెండు రోజులు నేను తల బద్దలు కొట్టుకుంటుంటే పక్కనే కూర్చుని టీ ఇచ్చారు చూడండి, అది పొరపాటు కాదు. నా చేతగానితనమేనని నన్ను నేనే తిట్టుకున్నాను. మీరు విన్నారు. విని ఊరుకున్నారు!”

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఆ మంచితనమంతా ఇందుకా! ఆవిడ విసురుగా లేచింది. టీ తీసుకెళ్లి సింకులో పారబోసింది.

ఏడుస్తూ కూర్చుంటే బొమ్మలు రావు. లేవగానే ఏయే డిస్కులు వెతకాలో రాసి ఉండే ఫైల్లోంచి పాత నంబరున్న లైను తీసేస్తే లాప్‌టాప్ లేచింది. పైపై ఫార్మాట్ కాబట్టి లోపలివి వెలికితీసే ప్రోగ్రామ్ నడిపింది. మధ్యాహ్నానికి బొమ్మలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పేర్లు మాత్రం పోయాయి. వందలకొద్దీ చేతులు, అన్నిటికీ ఉత్త అంకెలే.

“చెరిపిన పేర్లు మీరే పెట్టండి,” అని కుర్చీ ఆయన వైపు తోసింది.

ఆయన మొదటి బొమ్మ తెరిచాడు. తెలియలేదు. రెండోదీ అంతే. అప్పుడే వచ్చిన పిచ్చుక తెర చూసి చేతులతో ఏదో చెప్పింది. ఆయన తెల్లమొహం వేశాడు. అది నవ్వి, వంటింట్లోకి పరుగెత్తి ఉప్పు డబ్బా పట్టుకొచ్చింది. ఆయన ‘ఉప్పు’ అని టైపు చేశాడు.

తర్వాతి బొమ్మకి తెచ్చి చూపించే వస్తువు లేదు. పిచ్చుక చేతులు గబగబా ఆడాయి. ఆయన వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లూ అది ఏమంటోందో భార్య చెబితేనే తెలిసేది. ఆయన కళ్లు చెమర్చాయి.

“ఇది ఇన్ని మాటలు మాట్లాడుతుందా?” అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, “‘మళ్లీ చెప్పు’ అని ఎలా అడగాలి?” అన్నాడు.

ఆవిడ కోపం తీరలేదు. ఇప్పట్లో తీరేదీ కాదు. కానీ పదేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. కన్నీళ్లు తుడుచుకున్న చేత్తోనే చూపించింది. ఆయన అలాగే చేయబోయి తప్పు చేశాడు. పిచ్చుక ఆయన వేళ్లు పట్టుకుని సరిచేసింది.