కొలత నవ్వు

టేపు తిరుగుతోంది. నాలుగో పొర ఒలుస్తున్నారు.

నరహరి చెవిమిషను తీసి జేబులో వేసుకుని, ల్యాబ్ వాళ్ళిచ్చిన పెద్ద హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. మొదట ఇసక జల్లెడ పడుతున్నట్టు గరగర. అందులోంచి ఎక్కడో గిన్నె కిందపడ్డ చప్పుడు. దగ్గర్లోనే రైలు కూత. ఒక మగగొంతు, "తాయారూ, తువ్వాలెక్కడ పెట్టావు?" అని అడిగింది. ఆ తర్వాత నవ్వు వినిపించింది.

ఆడమనిషి నవ్వు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది కాదు. బల్లలూ కుర్చీలూ కదిలిపోయే నవ్వు. తను తీసిన సినిమాలో కాబోయే పెళ్ళికొడుకు పక్కింటి పప్పుచారు దొంగిలిస్తూ దొరికిపోయి జేబులో పోసుకునే చోట సరిగ్గా మొదలై, వాడు అలాగే కుర్చీలో కూలబడగానే రెట్టింపైంది.

నరహరికి కళ్ళనీళ్ళు ఆగలేదు. డెబ్బై దాటిన మనిషిని, ఇంతమంది కుర్ర ఇంజనీర్ల ముందు ఏడుస్తున్నానేమిటని కూడా అనుకోలేదు. ఒక జీవితకాలం ఆయన ఎదురుచూసిన చప్పుడది.

సినిమా తీసినవాడెవడైనా ఒక్కసారైనా హాల్లో వెనకవరసలో నిలబడి, జనం నవ్వుతున్నారో ఆవులిస్తున్నారో విని తీరతాడు. నరహరికి ఆ యోగం పట్టలేదు. ఆయన తీసింది ఒకే ఒక్క సినిమా, 'పక్కింటి పప్పుచారు'. ఏ హాలువాడూ వేసుకోకపోతే వీడియో క్యాసెట్టుగా వచ్చింది. క్యాసెట్టంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. అరచేతిలో పట్టని నల్లడబ్బా, లోపల చుట్టచుట్టిన టేపు. షాపులో అద్దెకి తెచ్చుకుని, ఇంట్లో వీసీఆర్‌లో పెట్టుకుని చూసి, మర్నాడు తిరిగిచ్చేసేవాళ్ళు. ఎవరు చూశారో, చూసి ఏమనుకున్నారో తీసినవాడికి కబురు చెప్పే నాథుడు లేడు. తన సినిమా అడవిగాచిన వెన్నెలైందో, అసలది వెన్నెలే కాదో తెలియకుండానే నరహరి పెళ్ళి వీడియోలు తీసుకుంటూ ముసలాడైపోయాడు.

ఆ కబురు చెప్పే యంత్రాన్ని డాక్టర్ సలోమి కనిపెట్టింది. పేరు రూమ్ రీడర్. ఆమె నరహరికి దాన్ని చాలా తేలికగా అర్థమయ్యేట్టు చెప్పింది. వీసీఆర్‌లో టేపు తిరుగుతున్నప్పుడు గదిలో ఎవరైనా పెద్దగా నవ్వితే వీసీఆర్ పెట్టిన బల్ల అదురుతుంది. బల్ల అదిరితే టేపు అదురుతుంది. వెంట్రుకలో వెయ్యోవంతు అదురు, కానీ టేపు అంచున గీత పడిపోతుంది. ఇంకోసారి వేస్తే దానిమీద ఇంకో పొర. పాత ఇంటిగోడ గీకితే సున్నం పూతలు ఒకదాని కింద ఒకటి కనబడతాయి చూడండి, అలాగ. రూమ్ రీడర్ ఆ పూతల్ని ఒక్కొక్కటే వేడిచేసి ఒలుస్తుంది. చిక్కల్లా ఒకటే. ఒకసారి ఒలిచిన టేపు మళ్ళీ పనికిరాదు. బొమ్మ కావాలంటే ముందే కాపీగా ఎత్తి పెట్టుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటారా? సినిమాహాళ్ళు మూతబడి చాలాకాలమైంది. సినిమాలన్నీ కామెడీ, మ్యూజిక్, ఫ్యామిలీ అని మూడు బుట్టల్లో సర్దుకుని నేరుగా ఇళ్ళలోకే వస్తున్నాయి. ఎలా ఉందని జనాన్ని అడిగితే ఒక్కడూ నిజం చెప్పడు. కొందరు పుచ్చుకుని రాస్తారు, కొందరు హీరో మీద కక్షతో రాస్తారు, మిగతా అభిప్రాయాలు మనుషులు రాసినవే కావు. మర్యాదస్తులు మాత్రం "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అంటారు. దాని అర్థం బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అందుకని సలోమిని పెట్టుకున్న కంపెనీ, తమ మాట ఎవరో వింటున్నారని మనుషులకి తెలియని కాలానికి పోయి అభిప్రాయాలు తవ్వి తెస్తోంది.

"అడిగితే చెప్పేది అబద్ధమండీ. అడక్కుండా వచ్చే నవ్వే నిజం," అంది సలోమి. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. నరహరి ఆమెకంటే ఎక్కువ నమ్మాడు.

ఇప్పుడు టీవీలన్నిటికీ చెవులున్నాయి. సినిమా నడుస్తుండగానే గది నవ్వుతోందో లేదో విని, నవ్వితే జోకుని పొడిగిస్తాయి, నవ్వకపోతే కత్తిరిస్తాయి. అయితే ఏది అసలు నవ్వు, ఏది మొహమాటపు నవ్వు? తూకానికి రాయి కావాలి. ఎన్నో క్యాసెట్లు ఒలిచాక వాళ్ళకి ఈ తాయారు నవ్వు దొరికింది. ఇంత స్పష్టంగా, ఇంత బలంగా టేపు మీద పడ్డ నవ్వు ఇంకోటి లేదు. అదే నవ్వు ఒక్కో పొరలోనూ మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఆ ఇంటివాళ్ళు ఈ క్యాసెట్టు ఎన్నిసార్లు తెచ్చుకున్నారో! కంపెనీ దానికి 'కొలత నవ్వు' అని పేరు పెట్టింది. ఆ నవ్వు పుణ్యమా అని నరహరి సినిమాని మళ్ళీ విడుదల చేస్తామన్నారు.

సలోమి తెరమీద సినిమా మొత్తాన్నీ పొడుగాటి పట్టీలా చూపించింది. నవ్విన చోట పచ్చరంగు, చప్పుడు లేని చోట ఎరుపు. చివర్లో ఒకచోట ఎర్రటి ముద్ద.

"ఇక్కడ ఏ పొరలోనూ ఊపిరి చప్పుడు కూడా లేదండి. పైగా టేపు బాగా అరిగిపోయి బొమ్మంతా చుక్కలే. బాగుచెయ్యాలంటే విడుదల వెనక్కి పోతుంది. వదిలేస్తే ఎత్తిపెట్టిన కాపీలో కూడా ఉండదు. ఉంచమంటారా, వదిలేద్దామా?"

నరహరి గుర్తు చేసుకున్నాడు. అందరి భోజనాలూ అయిపోయాక కోడలు వేషం వేసిన అమ్మాయి వంటింటి గడప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. అంతే. ఆ పిల్ల నిజంగానే అలిసిపోయి కూర్చుంటే కెమెరా ఆపడం మర్చిపోయారు. నిడివి చాలక ఆ ముక్క సినిమాలో ఉండిపోయింది. చెవుల్లో ఆ నవ్వు ఇంకా గింగురుమంటోంది. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు.

"తీసెయ్యండి డాక్టరమ్మా," అన్నాడు.

సినిమా విడుదలైంది. ఇల్లిల్లూ నవ్వింది. కొలత నవ్వుతో సరితూగేదాకా టీవీలు ఊరుకోవు మరి. నరహరి ఫొటో అన్నిచోట్లా వచ్చింది. పెళ్ళి వీడియోల నరహరి కాస్తా హాస్యబ్రహ్మ అయిపోయాడు.

కానీ ఆయనకి స్థిమితం లేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఊరంతా నవ్వుతున్నా ఆయనకి కావలసింది ఊరు కాదు. టీవీలు కితకితలు పెట్టకముందు, ఎవరి బలవంతమూ లేకుండా తన సినిమా చూసి అంతలా నవ్విన ఆ ఒక్క మనిషి. ఆవిడ నోటితో "బాగుందండీ" అంటే వినాలి. వినకుండా పోతానేమోనని భయం పట్టుకుంది. సలోమిని అడిగితే, టేపుల్లో గొంతు దొరికిన మనుషుల్ని వెతకటం తప్పు, నిబంధనలు ఒప్పుకోవు అంది. నరహరి బుద్ధిగా తలూపి, ఆ సాయంత్రమే టికెట్టు కొనుక్కున్నాడు.

క్యాసెట్టు మీద నిడదవోలు వీడియోషాపు చీటీ అంటించి ఉండేది. ఇంటి పక్కనే రైలు. మనిషి పేరు తాయారు. ఇంకేం కావాలి? ఆ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అడిగితే షాపాయన కాసేపు తల గోక్కుని, "గేటు పక్కింటి మంగతాయారుగారండీ. మా నాన్న ఆ క్యాసెట్టు ఆవిడకోసమే ఉంచేవాడు," అన్నాడు.

లెవెల్ క్రాసింగ్ పక్కన చిన్న పెంకుటిల్లు. నరహరి గుమ్మంలో నిలబడి తానెవరో చెప్పాడు. దాదాపు ఆయన వయసే ఉన్న మంగతాయారు కళ్ళద్దాలు సర్దుకుని ఎగాదిగా చూసి, నవ్వకుండానే లోపలికి రమ్మంది. ముందుగదిలో గోడ పొడుగునా ఒక టేకుబల్ల. ఆ చివర టీవీ, ఈ చివర కూర్చోవడానికి చోటు. నరహరి కూర్చుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, మీకు నా సినిమా అంతలా ఎందుకు నచ్చిందని అడిగేశాడు.

ఆవిడ ఇబ్బందిపడింది. ఇంత దూరం వచ్చిన పెద్దమనిషికి ఏం చెప్పాలో తేల్చుకోలేక కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది. ఆయన మళ్ళీ అడిగాడు. నవ్వు విన్నానని, ఆ నవ్వే ఇప్పుడు దేశమంతటికీ కొలత అని చెప్పాడు.

"మా అత్తగారికి బొత్తిగా వినపడేది కాదండి," అంది చివరికి. "కానీ సినిమా అంటే ప్రాణం. ఎక్కడ నవ్వాలో తెలిసేది కాదు, పాపం. అందుకని ఇద్దరం ఈ బల్లమీదే కూర్చునేవాళ్ళం. నేను ఒళ్ళంతా ఊపి నవ్వితే బల్ల కదిలేదండి. బల్ల కదిలితే ఆవిడ నవ్వేది. అప్పుడు వీసీఆరూ దీనిమీదే ఉండేది."

నరహరి ఆ బల్లని ఒకసారి తడిమి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అయితే మీకు నవ్వు రాలేదా?"

"పప్పుచారు జేబులో పోసుకుంటే నాకేం నవ్వొస్తుందండీ. ఆ చొక్కా ఉతికేదెవరు?"

నరహరికి ఇన్నేళ్ళకి దొరికిన ఒక్క నవ్వు కూడా తనది కాదని తేలిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. ఆవిడ ఆయన మొహం చూసి నొచ్చుకుంది.

"నచ్చలేదని కాదండి. నేనే అడిగి తెప్పించుకునేదాన్ని ఆ క్యాసెట్టు. చివర్లో ఆ కోడలుపిల్ల గడపమీద కూర్చుంటుందే, అదీ. మధ్యాహ్నం అత్తగారు నిద్రపోయాక వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ చూసేదాన్ని. ఆ పిల్లని ఎవరూ పిలవరు. నేనూ అలాగే కాళ్ళు చాపుకుని, చప్పుడు చెయ్యకుండా కూర్చునేదాన్నండి. రోజులో అదొక్కటే నాది అనిపించేది."

టేపు అక్కడ ఎందుకు అరిగిపోయిందో నరహరికి అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? ఆ సినిమాకి మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టే, ఒలిచేసిన ఆ టేపు ల్యాబ్ చెత్తబుట్టలో కూడా లేదు. చెబుదామని నోరు తెరిచాడు, ధైర్యం చాల్లేదు. ఆవిడేమో ఉత్సాహంగా, టీవీలో మళ్ళీ వచ్చిందన్నారు, మీ పక్కన కూర్చుని చూడటం కంటే ఏం కావాలి అంటూ సినిమా పెట్టేసింది.

బొమ్మ మొదలైంది. పప్పుచారు ఘట్టం వచ్చేసరికి నరహరి మాటలు అందక తల ఓరగా వంచాడు. మంగతాయారు ఆయన చెవిలో ఉన్న మిషను వైపు చూసింది. చూసి, బల్లమీద అరచెయ్యి ఆనించి, ఒళ్ళంతా ఊపి నవ్వింది. నరహరి కింద బల్ల అదిరింది. హెడ్‌ఫోన్లలో ఆయన విన్న నవ్వే, పొల్లు పోకుండా. ఆ నవ్వులో హాస్యం లేదు, పక్కనున్న చెవిటిమనిషి మీద జాలి ఉంది. అంత జాలి తనమీద ఎవరూ చూపించలేదనిపించి, ఆయన కూడా నవ్వాడు. టీవీ తెర మూలన పచ్చదీపం వెలిగింది. జోకు ఇంకాస్త పొడుగైంది.

సినిమా చివరికొస్తోంది. మంగతాయారు మాటలాపి, కాళ్ళు ముందుకి చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. భోజనాల సీను అయింది. వెంటనే పెళ్ళి బాజాలు మోగాయి, పెళ్ళికొడుకు మళ్ళీ జారిపడ్డాడు, శుభం కార్డు పడింది. ఆవిడ కాళ్ళు ముడుచుకోలేదు.

"ఆ పిల్ల కూర్చునేది రాలేదేమండీ?"

"నేనే తీసేయించాను," అన్నాడు నరహరి. "అక్కడ ఎవరూ నవ్వలేదన్నారు. ఇంక అది ఎక్కడా లేదమ్మా. తప్పు నాదే."

"నవ్వడానికి కాదు కదండీ అది," అంది.

హైదరాబాదు నుంచి ఇంతదూరం ఆయన్ని తరిమిన ఆరాటం ఎక్కడో ఆగిపోయింది. చెప్పులు విడిచి, తనూ మెల్లగా కాళ్ళు చాపుకున్నాడు. బయట గేటు పడింది, రైలు వెళ్ళింది, గేటు లేచింది. ఇద్దరూ కదల్లేదు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

టీవీ చెవులు రిక్కించి కాసేపు విన్నది. మూలన ఎర్రదీపం వెలిగింది. తెరమీద అక్షరాలు వచ్చాయి: "గదిలో ఎవరూ లేరు." ఆ తర్వాత దానంతటదే ఆరిపోయింది.