పొగగొట్టంలో మొగలి వాసన

సింగపూర్‌లో సెలెటార్ వైపు, పెద్ద పెద్ద చెట్ల మధ్య, తెల్లదొరల కాలం నాటి బంగళా ఒకటుంది. తెల్లటి గోడలు, నల్లటి దూలాలు. పెంకుల కప్పు మీద ఒక పొగగొట్టం... నెత్తిన ఏమీ లేకుండా, ఆకాశం కేసి నోరు తెరుచుకుని.

ఆ ఇంటికి మంచి పేరు లేదు.

టాక్సీ వాళ్ళు గేటు దగ్గరే దింపేస్తారట. చీకటి పడ్డాక లోపలి దాకా రమ్మంటే, "సారీ లా" అని నవ్వేసి వెళ్ళిపోతారట. దీపాలు పెట్టే వేళ అటుగా వెళితే ఎక్కడి నుంచో పూల వాసన వస్తుందని, "ఏం పువ్వు?" అని పైకి అడగకూడదని చెప్పుకుంటారు. అడిగితే... ఆ పూలు పెట్టుకున్నది వెనక్కి తిరిగి చూస్తుందట.

కీర్తికకి ఇవేవీ తెలియవు. కోనసీమ పిల్ల. పెళ్ళై ఏడాది తిరగలేదు. టాంపినీస్‌లో అంతస్తుల మధ్య ఇరుక్కున్న ఫ్లాట్ నుంచి వచ్చి ఆ బంగళా చూడగానే మనసు పారేసుకుంది. వరండా, మేడమెట్లు, హాల్లో గోడలోకి కట్టిన చలిమంట పొయ్యి! సింగపూర్‌లో చలిమంట ఎందుకని ఎవరైనా నవ్వితే నవ్వనీ. వానాకాలం సాయంత్రం ఆ పొయ్యి ముందు మొగుడి భుజం మీద తల పెట్టుకుని కూర్చోవాలని అప్పటికప్పుడే కల కనేసింది.

ఇల్లు చూపించినాయన పొగగొట్టం వైపు చూపించి ఏదో అన్నాడు. పైనున్నది తుప్పు పట్టి గాలివానకి ఊడిపోయింది, వేయిస్తాం అన్నాడు.

కీర్తిక మొగుడు లోహిత్ ఆయన మాట వినటం లేదు. హాలు మధ్యలో నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఈ ఇల్లే తీసుకుందాం కీర్తీ," అన్నాడు. "పైది నేను చూసుకుంటాలెండి," అని ఆయనతో చెప్పాడు.

తన కోసమే ఒప్పుకున్నాడనుకుంది పిచ్చిపిల్ల. ఆ రాత్రంతా మురిసిపోయింది.

చేరిన కొన్నాళ్ళకి వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం దీపం పెట్టి హాల్లోకి వచ్చింది కీర్తిక. గుమ్మంలోనే ఆగిపోయింది.

వాసన.

ఇక్కడివాళ్ళు పాయసాల్లో వేసుకునే పాండాన్ ఆకు వాసనలా ఉంది. కానీ ఆ కాలనీలో ఏ వంటింటి నుంచీ ఇంత దూరం రాదు. ఇంకా చిక్కగా, ఇంకా తియ్యగా...

మొగలి.

కీర్తిక చేతిలో అగ్గిపెట్టె జారిపోయింది.

మొగలి అంటే అత్తింట్లో గుర్తొచ్చేది ఒక్కరే. ప్రణవి.

లోహిత్‌ది ఇచ్ఛాపురం వైపు, సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడ గట్ల వెంట మొగలి డొంకలే. కీర్తిక కంటే ముందు అతనికి ఒక సంబంధం కుదిరింది. తాంబూలాలు కూడా అయ్యాయి. ఆ పిల్లే ప్రణవి. ముహూర్తం ఇంకా ఉండగానే జ్వరం వచ్చి పోయింది. పెళ్ళిచూపుల్లో ఎవరూ దాచలేదు, కానీ ఎవరూ పూర్తిగా చెప్పనూ లేదు. అత్తగారే ఒకసారి పప్పు రుబ్బుతూ నోరు జారారు: "ఆ పిల్ల తలనిండా మొగలి రేకుల జడేసుకునొస్తే వీధి మొదట్లోనే తెలిసిపోయేదమ్మా. ఏటి చేస్తాం, రాత." అనేసి నాలిక్కరుచుకున్నారు.

అంతే. ఆ ఒక్క ముక్క కీర్తిక గుండెల్లో కుంపటి పెట్టింది.

బతికున్న ఆడదైతే ఎదురెళ్ళి కడిగెయ్యొచ్చు. పోయినదాన్ని ఏం చేస్తావు? దానికి వయసు రాదు. లావెక్కదు. కూరలో ఉప్పెక్కువైందని దాన్ని ఎవరూ అనరు. ఎప్పటికీ తాంబూలాల నాటి చీరలోనే, ఆ జడతోనే ఉంటుంది. కీర్తిక అద్దంలో చూసుకున్న ప్రతిసారీ, కనబడని ఆ జడ పక్కన తన జడ పెట్టి కొలుచుకుంటుంది.

ఇప్పుడా వాసన తన హాల్లో... తన పొయ్యిలోంచి...

"ఏవండీ, ఏదో వాసన రావట్లేదూ?"

లోహిత్ లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "వాసనా? వాన కదా... చెట్లవై ఉంటాయిలే."

అబద్ధం. ఆ మాట అంటున్నప్పుడు అతని ముక్కుపుటాలు అదిరాయి. కీర్తిక చూసింది.

ఆ రోజు నుంచీ దీపాలు పెట్టే వేళ కోసం కాచుక్కూర్చునేది. ముందు కప్పు మీద ధన్ మని ఒక చప్పుడు, ఎవరో దూకినట్టు. తర్వాత గోడలో గీరిన చప్పుడు... కిందికి... ఇంకా కిందికి. తర్వాత వాసన. ఆ తర్వాత లోహిత్ ఏదో వంకన హాల్లోకి వచ్చేవాడు. చార్జర్ కోసమనో, కళ్ళజోడు కోసమనో. పొయ్యి పక్కన ఒక్క క్షణం నిలబడి వెళ్ళేవాడు.

ఒక పొద్దున్న పొయ్యి ముందు నేల మీద నల్లటి మరకలు కనిపించాయి. వాన నీళ్ళు మసితో కలిసి కారాయి. ఆ తడిలో ముద్రలు... చిన్న చిన్న అరచేతులు, అయిదేసి వేళ్ళు. పసిపిల్ల పాకినట్టు.

పక్క బంగళా ఫహ్మీదా ఆంటీ దగ్గరికి పరిగెత్తింది. హైదరాబాద్ వాళ్ళు, ఎన్నో ఏళ్ళ కింద వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆంటీ టీ పోస్తూ చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించింది.

"అరె బేటీ... ఆ ఇల్లు నక్కో, తీసుకోవద్దు అని నేను ముందే అందామనుకున్నా. మా ఆయన నోరు మూయించిండు. ఇక్కడ పొంటియానాక్ అంటరు. కడుపుతోని చచ్చిపోయి దయ్యమైన ఆడది. పూల వాసన వస్తది. పసిబిడ్డ ఏడుపు ఇనొస్తది. ఏడుపు గట్టిగ ఇనొస్తే దూరం ఉన్నట్టు. సన్నగ ఇనొస్తే..."

"సన్నగా వినొస్తే?"

ఆంటీ టీ కప్పు కింద పెట్టింది. "నీ ఎనకనే ఉన్నట్టు."

వేరే పిల్లైతే ఆ పూటే పెట్టె సర్దుకుని టాంపినీస్ వెళ్ళిపోయేది. కీర్తికకి భయం కంటే ముందు ఒళ్ళు మండింది. ఎవరో మలయా ఆడదైతే ఇక్కడి పూలు పెట్టుకుంటుంది కానీ... మా వైపు మొగలి ఎందుకు పెట్టుకుంటుంది? వచ్చింది పరాయిది కాదు. సముద్రం దాటి వెతుక్కుంటూ వచ్చింది. నా సవతి!

ఆ సాయంత్రమే వరండాలో లోహిత్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. కీర్తిక తలుపు చాటున నిలబడి ఊపిరి బిగబట్టి విన్నది.

"...తెలుసంకుల్. టోపీ పెట్టాలి, పెట్టక తప్పదు. కానీ ఇప్పుడు పిల్లలతో ఉంది కదా... పాపం, వాన రోజుల్లో పొమ్మంటే ఎక్కడికి పోతుంది?... కీర్తికకి చెప్పలేదు. తెలిస్తే ఒక్క పూట కూడా ఈ ఇంట్లో ఉండదు... ఇంకొన్నాళ్ళు ఉండనీయండి అంకుల్. ప్లీజ్."



టోపీ పెట్టాలట! ఎవరికి? ఇంకెవరికి... తాళి కట్టించుకున్న తనకి. 'ఉంది' అట. 'పాపం' అట. అదెవరో అతనికి తెలుసు. తెలిసే దాచాడు. దాచి, జాలి కూడా పడుతున్నాడు!

రాత్రి అతను స్నానానికి వెళ్ళినప్పుడు పర్సు తీసింది. కార్డుల వెనక, పొడి పొడిగా ఎండిపోయి, గోధుమరంగు తిరిగిన ఒక మొగలి రేకు.

మర్నాడు అతను ఆఫీసుకి వెళ్ళాడు, ఆ రేకు మాత్రం వెళ్ళలేదు. కీర్తిక గుప్పిట్లో ఉండిపోయింది.

సాయంత్రమైంది. వాన... అలాంటిలాంటి వాన కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు. ఉరుముకి ఇంట్లో దీపాలు ఆరిపోయాయి. ఇల్లు మారినప్పటి అట్టపెట్టెలు చింపి పొయ్యిలో పేర్చింది. దేవుడి గదిలోంచి కర్పూరం మొత్తం తెచ్చి పోసింది. ఇన్నాళ్ళూ మొగుడితో కలిసి వెలిగించాలని కలలు కన్న మంట అది. ఒంటరిగా, ఏడుస్తూ వెలిగించింది.

ధన్! పైన ఎవరో దూకారు.

"రా," అంది కీర్తిక పొయ్యి కేసి చూస్తూ. "రా, చూస్తా. ఉంటే నువ్వుండు ఈ ఇంట్లో... లేదా నేనుంటా."

మొగలి రేకు మంటలో వేసింది.

రేకు చుర్రుమంది. పొగ లేచింది... పైకి వెళ్ళింది... ఆగింది.

తిరిగి కిందికి వచ్చింది.

లోపల ఎవరో చెయ్యి అడ్డం పెట్టి తోసినట్టు, నల్లటి పొగ బుసబుసా హాల్లోకి వచ్చిపడింది. కళ్ళు మండాయి. ఊపిరాడలేదు. గుమ్మం ఎటుందో తెలియలేదు. ఆ పొగలో, గోడ లోపల, ఏడుపు...

పసిబిడ్డ ఏడుపు. ఒక్కటి కాదు. రెండో, మూడో.

సన్నగా... ఇంకా సన్నగా...

కీర్తిక మోకాళ్ళ మీద కూలబడింది. అప్పుడే పొగగొట్టంలోంచి ఏదో దబ్బున కింద పడింది. మంట చెల్లాచెదరైంది. నల్లటి మొహం. పొగలో వెలిగే రెండు కళ్ళు. నోట్లో... నోట్లో ఒక చిన్న ప్రాణం వేలాడుతోంది.

అది కీర్తిక వైపు చూసింది. బిడ్డని కాచుకునే తల్లి చూసినట్టు చూసింది. హాలంతా గుప్పున మొగలి.

"కీర్తీ!"

లోహిత్. తడిసి ముద్దై, గుమ్మంలోంచి దూసుకొచ్చాడు. ఆమెని జబ్బ పట్టుకుని వరండాలోకి ఈడ్చుకెళ్ళాడు. బకెట్టుతో వాన నీళ్ళు పట్టుకెళ్ళి పొయ్యిలో కుమ్మరించాడు. "పిల్లలున్నాయే లోపల! కూనలు! ఏం పని చేశావ్!"

"కూన... లా?"

దాని తోక అప్పుడు కనబడింది. పొడుగ్గా, నల్లగా. పిల్లని కరుచుకుని వరండా స్తంభం ఎక్కి, చెట్టు మీదకి గెంతి, మళ్ళీ వచ్చింది. రెండోదాన్ని తీసుకెళ్ళింది. మూడోదాన్ని తీసుకెళ్ళింది.

పొగ చూసి పక్కింటి ఖాదిర్ అంకుల్, ఫహ్మీదా ఆంటీ భర్త, గొడుగు కూడా మర్చిపోయి వచ్చేశాడు. నెత్తి మీద తెల్ల టోపీ తడిసి అతుక్కుపోయింది. పరిస్థితి చూసి లోహిత్ మీద పడ్డాడు.

"నేనేం చెప్పిన బేటా? పొగగొట్టానికి టోపీ పెట్టు, టోపీ పెట్టు అని ఎన్నిసార్లు చెప్పిన! నా బట్టతలకే టోపీ లేకుండ బయటికి రాను, అంత పెద్ద ఇంటికి వద్దా? టోపీ లేకుంటే వాన లోపలికొస్తది, ఇటుకలు నానుతయి. పిట్టలు, ముసాంగులు గూడు పెడతయి. గూడు అడ్డముంటే పొగ ఎటు పోవాలె? నీ పెండ్లాం ఊపిరితిత్తుల్లకి పోవాలె! పెట్టినంక గూడ ఏడాదికోసారి ఎక్కి జాలీ దులిపి, తుప్పు చూసుకోవాలె. లేకుంటే ముందుదానిలెక్కనే ఎగిరిపోతది."

కీర్తిక దగ్గుతూ తలెత్తింది. "టోపీ అంటే... పొగగొట్టానికా?"

"మరెవరికి బేటీ?"

"ముసాంగ్ అంటే?"

"అదే... మీ తిరుపతి దేవుడికి తైలం తీస్తరు కదా, ఆ పిల్లి. దాని ఒంటి వాసన అచ్చం పాండాన్ లెక్కనే, మొగలి లెక్కనే ఉంటది."

పునుగుపిల్లి! ఇన్నాళ్ళూ గోడలో ఉన్న సవతి... పునుగుపిల్లి! కీర్తికకి నవ్వొచ్చింది. దగ్గొచ్చింది. ఏడుపొచ్చింది. మసి మొహంతో లోహిత్ చొక్కా పట్టుకుని మూడూ ఒకేసారి కానిచ్చింది.

"మీరు ఫోన్లో 'పిల్లలతో ఉంది' అంటే... నేను..."

"నీకు భయమని చెప్పలేదే. పిల్లలు పెద్దవయ్యాక పెట్టిద్దామనుకున్నా."

వానలు తగ్గాక టోపీ వచ్చింది. మెరిసే ఉక్కు రేకు, చుట్టూ గట్టి జాలీ. అంకుల్ కింద నిలబడి మేకు మేకుకీ అరిచాడు. గూడంతా లాగితే ఆకులు, పుల్లలు, ఈకలు రెండు గోతాలు నిండాయి. కీర్తిక చెట్టు కింద అరటిపండ్లు పెట్టి వచ్చింది, క్షమించమని. పొద్దున్నకి తొక్కలే మిగిలాయి.

ఆ సాయంత్రం హాల్లో మొదటిసారి ఏ వాసనా లేదు. కీర్తిక హాయిగా దీపం పెట్టింది. లోహిత్ వచ్చాడు, చార్జర్ కోసం. పొయ్యి పక్కన నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు.

ఏమీ లేదు. అతని మొహం చూసింది కీర్తిక. శ్మశానం నుంచి తిరిగొచ్చినవాడి మొహం అది.

ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటి రోజు గుర్తొచ్చింది. ఇక్కడే, ఇలాగే నిలబడ్డాడు. 'పైది నేను చూసుకుంటాలెండి' అన్నాడు.

"ఏవండీ," అంది నెమ్మదిగా. "మనం ఈ ఇంటికి వచ్చినప్పుడు... దానికింకా పిల్లల్లేవు కదా? టోపీ అప్పుడే పెట్టించొచ్చుగా?"

లోహిత్ వెనక్కి తిరగలేదు. ఇంకోసారి ఊపిరి పీల్చాడు.

ఇప్పుడా ఇంటికి చెడ్డపేరు లేదు. టాక్సీలు వరండా దాకా వస్తున్నాయి. పొగ పైకి పోతుంది, వాన బయటే ఉంటుంది, కప్పు మీద దూకే చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

కానీ దీపాలు పెట్టే వేళ, ఏదో మర్చిపోయినట్టు, అతను ఆ పొయ్యి దగ్గరికి వస్తాడట. ఒక్క క్షణం నిలబడతాడట. కీర్తిక దీపం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోతుందట.

ఆ ఒక్క క్షణం... ఆ హాల్లో ముగ్గురుంటారట.