ఏడో వేదిక మీద గాలి

మూడోసారి కూడా అదే చోట స్పందన గీత పడిపోయింది.

నూకరత్నం చిత్రాన్ని ఆపింది. తెర మీద మంటల్లో సగం మునిగిన పడవ అలాగే నిలిచిపోయింది. ఎదురుగా వాలుకుర్చీలో వాసుపల్లి దానయ్య తల ఓ పక్కకి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా నిద్రపోతున్నాడు. మెడ చుట్టూ ఉన్న స్పందపట్టీ పచ్చగా వెలుగుతోంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. చెమట లేదు. అరచేతులు ఒడిలో విచ్చుకుని ఉన్నాయి.

"సాక్షి నిద్రలో ఉన్నాడు," అంది తూకం యంత్రం, ఎప్పటిలాగే ఏ భావమూ లేని గొంతుతో. "పద్నాలుగో ఘట్టానికి దేహసాక్ష్యం లభించలేదు. సాక్షిని లేపి మళ్ళీ చూపవచ్చు. లేదా ఆ ఖాళీకి పూరణ చేయవచ్చు."

రత్నం లేచి వెళ్ళి ఆయన భుజం తట్టింది. "పెద్దయ్యా... ఓ పెద్దయ్యా!"

"ఆఁ... అయిపోనాదేటమ్మీ?"

"అవలేదు. మళ్ళీ పడుకుండిపోయావు."

"ఓలమ్మ! తప్పైపోనాది. ఈపాలి తొంగోను, ఎయ్యి."

"ఇందాకా అదే అన్నావు."

"ఇందాకా అంటే ఇందాక. నడివయసులో ఉన్నాను మరి." దానయ్య బోసినోటితో నవ్వాడు. ఆ నడివయసుకి ఎనభై దాటి చాలాకాలమైంది.

రత్నానికి నవ్వు రాలేదు. మెరక మీద కట్టిన ఎత్తు కాకినాడలో, తూనిక మందిరంలో తూనికరిగా ఆమెకిది ఏడో ఏడు. యుద్ధం మీద తీసిన ఏ చిత్రమైనా జనంలోకి వెళ్ళేముందు, ఆ యుద్ధంలో ఉండి బతికినవాళ్ళ ఎదుట ఒకసారి ఆడాలి. వాళ్ళు నోటితో చెప్పేదానికి విలువ లేదు. నోరు మరిచిపోతుంది, గొప్పలు పోతుంది. ఒళ్ళు మాత్రం అబద్ధమాడదని చట్టం. ఒళ్ళు ఎక్కడ ఉలిక్కిపడిందో, ఎక్కడ బిగుసుకుందో పట్టీ చెబుతుంది, తూకం నిజపాళ్ళు కడుతుంది. నిజపాళ్ళు తొంభై దాటితే అది పాఠ్యచిత్రం. ఆ తర్వాత బడిలో చరిత్ర అంటే అదే.

పరీక్ష రాసి ఈ కుర్చీలోకి వచ్చిన రోజున రత్నం నిజంగానే అనుకుంది, ఇకమీద అబద్ధపు యుద్ధాలు బడి గుమ్మం తొక్కవని. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో తలలు వలిచి చదివించింది. నీ కూతురేం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, "నిజం తూస్తాది," అని చెప్పుకునేది. తీరా చూస్తే పని ఇదీ: పట్టీలు బిగించడం, ముసలివాళ్ళకి నీళ్ళివ్వడం, నిద్రపోతే లేపడం, లేవకపోతే పూరణ మీట నొక్కడం.

అద్దాల తలుపు తోసుకుని దర్శకురాలు విభావరి లోపలికొచ్చింది. పొద్దుటి నుంచీ పక్కగదిలో కూర్చుని గీతలు చూస్తూనే ఉంది.

"నా సినిమాలో తప్పెక్కడుందో చెప్పండి రత్నంగారూ. సరిచేస్తాను. నాలుగేళ్ళు పనిచేశాను. వేదిక స్తంభాలకి ఏ జాతి గుల్లలు పట్టాయో కనుక్కుని అవే పెంచి అతికించాం. ఆ నీటి గొట్టాల మరలు ఇప్పుడెక్కడా చెయ్యరు, పోత పోయించాం. తారు వాసన, ఉప్పు వాసన, అన్నీ ఈ గదిలోకి వదులుతున్నాం. ఆ రాత్రి గాలి ఎటునుంచి ఎటు తిరిగిందో కూడా లెక్కకట్టి పెట్టాను!"

"గాలి మాత్రం అచ్చం అదే తల్లీ," అన్నాడు దానయ్య, మెచ్చుకోలుగా. "ఆ గాలి తగిలేసరికే నిద్దరొచ్చీసింది."

విభావరి ఆయనకేసి చూసి, తర్వాత రత్నం కేసి చూసింది. "శబ్దం పెంచండి," అంది.

పెంచారు. నాలుగోసారి పడవ పేలినప్పుడు గది గోడలు అదిరాయి. బల్ల మీద గ్లాసు జరిగి కింద పడింది. దానయ్య కళ్ళు తెరవకుండానే చెవి గోక్కుని, కుర్చీలో ఇంకాస్త సర్దుకున్నాడు.

"సాక్షి నిద్రలో ఉన్నాడు," అంది తూకం.

ఏడో వేదిక గురించి తెలియని పిల్లాడు తీరంలో లేడు. సముద్రం మధ్య స్తంభాల మీద కట్టిన మంచినీటి వేదికలు పది. వాటికోసం అవతలి ఒడ్డువాళ్ళతో యుద్ధం. ఏడో వేదికని పట్టుకోవడానికి శత్రువు పడవ స్తంభాల కిందికి వచ్చింది. కావలి ఉన్న సూరాడ ఎల్లాజీ నిప్పుసీసా విసిరి, పడవనీ అందులోని మనుషుల్నీ తగలబెట్టి, తనూ కాలిపోయాడు. అప్పటి యుద్ధవార్తలో ఉన్నదిదే. మొదటి చిత్రంలోనూ, రెండో చిత్రంలోనూ ఇదే. విభావరి తీసిన పద్నాలుగో ఘట్టమూ ఇదే. ఊరి మధ్య విగ్రహం చేతిలో సీసా కూడా ఉంది.

ఆ రాత్రి వేదిక మీద ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది దానయ్య ఒక్కడు.

ఈసారి రత్నం చిత్రాన్ని ఆపి, ఆయన్ని లేపి, కుర్చీ దగ్గరగా లాక్కుంది. "పెద్దయ్యా, సినిమా సంగతి వదిలెయ్యి. ఆ రాత్రి ఏమైంది?"

"పొద్దున్న వచ్చినప్పుడే సెప్పేను గదమ్మీ. తొంగున్నాం."

"అందరూనా?"

"అందరూను. అప్పటికి ఎన్ని రాత్రులో కన్ను మూసింది లేదు. గంటగంటకీ సైరను. నిలబడి నిద్దరోతన్నాం, అన్నం నోట్లో ఎట్టుకుని నిద్దరోతన్నాం. అప్పుడు ఎల్లాజీ అన్నాడు, 'మీరు తొంగోండిరా, అందరి కావలీ నానే కాస్తాను' అని. ఆడు మేలుకునున్నాడంటే మాకింక బెంగ లేదు. సిన్నప్పట్నించీ ఒక తెప్ప మీదే ఏటకెళ్ళినోళ్ళం. అలాగే తారు మీద పడిపోనాం."

"మరి పడవ?"

"వచ్చింది. ఎన్నెల్లో వచ్చింది. ఎల్లాజీ సూసేడు. పడవలో ఆళ్ళూ తొంగునే ఉన్నారు."

విభావరి గోడకి ఆనుకుని వింటున్నదల్లా నిటారుగా నిలబడింది. "శత్రువులు నిద్రపోతూ వచ్చారా?"

"ఆళ్ళకి మాత్రం సైరన్లు లేవేటి తల్లీ? తెడ్ల మీద తల పెట్టీసి తొంగున్నారు. పడవ కొట్టుకొచ్చి స్తంభానికి తగిలింది. సీసా ఎల్లాజీ సేతిలోనే ఉంది. ఇసిరితే ఇసిరీగలడు. ఇసరలేదు. గెడ తీసుకుని, సప్పుడవకుండా, ఆ పడవని ఎనక్కి తోసీసేడు. మరి నీటి పోటే అటు తీసుకెళ్ళిపోనాది."

రత్నం కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఏటలో గుడ్లున్న సేప పడినా తిరిగి ఒగ్గీసీవోడండి," అన్నాడు దానయ్య, అదంతా మామూలు విషయమైనట్టు. "తెల్లారేక నాకు సెప్పేడు. ఎవరికీ సెప్పకన్నాడు. ఆ మజ్జాన్నమే గొట్టం బాగుసేస్తా జారి సముద్రంలో పడిపోనాడు. మర్నాడు వార్తొచ్చింది, కాలిపోనాడని. మొదటి సినిమా తీసినోళ్ళకి సెప్పేను. 'అన్నా, నువ్వు నిద్రపోయానంటున్నావు కదా, నీకెలా తెలుసు?' అన్నారు. దానికి నాకాడ జవాబు లేదు."

"విన్నమాట సాక్ష్యం కాదు," అంది తూకం. "ఆ సమయంలో నిద్రలో ఉన్నట్టు సాక్షి స్వయంగా ఒప్పుకున్నాడు."

"సూసేవా? ఇదీ అదే అంటంది."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. వేళ్ళతో స్పందపట్టీని తడుముకున్నాడు. "మొన్న వేదిక దినం నాడు నా మునిమనవరాలికి బళ్ళో ఎల్లాజీ ఏసమేసేరు. కాగితం పడవ మీద కాగితం నిప్పు ఇసిరింది. ఇంటికొచ్చి, 'తాతా, అందర్నీ సంపీసేను' అంది. ఎంత సంబరమో దానికి. నానేటనాలి? ఎల్లాజీ ఒక్కణ్ణీ సంపలేదమ్మీ. సచ్చిపోనోడి సేత మీరు మళ్ళీ మళ్ళీ సంపిత్తన్నారు. అది ఆపిత్తారేమోనని వచ్చేను. నా తరవాత సెప్పీవోడు లేడు."

విభావరి నుదురు రుద్దుకుంది. "తాతగారూ, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ నిద్రపోతున్న సైనికుల్ని చూడడానికి ఎవరొస్తారు? అక్కడ మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆ రాత్రి ఏమీ జరగలేదని వాళ్ళకి నేనెలా చెప్పేది?" రత్నం వైపు తిరిగింది. "పూరణ చేసెయ్యండి. అందరూ చేసేదే."

నిజమే, అందరూ చేసేదే. రత్నం చెయ్యి అలవాటుగా మీట దగ్గరికి పోయింది. పోయి ఆగింది.

"తూకం, ఈ సాక్షి ఇదివరకు రెండు చిత్రాలకి కూర్చున్నాడు. పడవ ఘట్టానికి ఆయన స్పందన ఎంత?"

"రెండింటిలోనూ పూర్తి. తీవ్ర భయం, తర్వాత గర్వం."

"నానేటి, గర్వమేటి?" అన్నాడు దానయ్య. "ఆ రెండుసార్లూ ఇలాగే తొంగున్నాను గదా! టీ కూడా ఇచ్చి లేపేరు."

"రెండో చిత్రంలో ఆ స్పందనకి మూలం?" అంది రత్నం.

"పూరణ. మొదటి చిత్రంలో ఇదే సాక్షి చూపిన స్పందన."

"మొదటిదానికి?"

"పూరణ. ప్రయోగ ప్రేక్షకుల సగటు స్పందన."

"ఆ ప్రేక్షకుల్లో ఏడో వేదిక మీద ఉన్నవాళ్ళు ఎంతమంది?"

"ఎవరూ లేరు."

రత్నానికి ఒళ్ళు మండింది. యంత్రం మీద కాదు, అది అడిగినదానికి దాచకుండా జవాబు చెప్పింది. ఏడేళ్ళలో తనెప్పుడూ అడగలేదు. ఊళ్ళో కూర్చుని అరటికాయ బజ్జీలు తింటూ సినిమా చూసినవాళ్ళ ఉలికిపాటు తెచ్చి ఈ ముసలాయన ఒంట్లో పెట్టారు. ఇప్పుడు ఆ ఒళ్ళే సాక్ష్యం చెబుతోందంటున్నారు. మూడోసారి కూడా పెడితే చాలు, ఎల్లాజీ శాశ్వతంగా హంతకుడు.

"విభావరిగారూ, గాలి అచ్చంగా అదేనన్నాడు పెద్దయ్య. మీరు విన్నారా?"

"విన్నాను. అయితే?"

"ఆ తారు వాసన, ఆ గాలి, ఆ వెన్నెల నిజమైనవి. మీరు నిజంగానే ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళారు. అక్కడ ఆ రాత్రి ఆయన ఒళ్ళు ఏం చేసిందో ఇక్కడా అదే చేసింది." ఆమె గొంతు తనకే తెలియకుండా పెరిగింది. "చేతికందే దూరంలో పడవ తగలబడుతూ, మనుషులు అరుస్తూ ఉంటే ఎవరికైనా నిద్ర పడుతుందా? ఆయన నిద్రపోయాడంటే మంట లేదు, అరుపు లేదు. ఒళ్ళు అబద్ధమాడదని మనమే కదా చట్టం రాసుకున్నాం!"

విభావరి తెర మీద నిలిచిపోయిన మంటకేసి చూసింది.

"తూకం, ఈ నిద్రని సాక్ష్యంగా నమోదు చెయ్యి."

"సాక్ష్య వర్గాలు నాలుగు. భయం, కోపం, దుఃఖం, గర్వం. నిద్ర వర్గం కాదు."

"కొత్త వర్గం చేర్చే అధికారం తూనికరికి ఉందా?"

"ఉంది. ఇంతవరకు ఎవరూ వాడలేదు. కారణం పై కార్యాలయానికి వెళుతుంది, తూనికరి పేరుతో."

పేరుతో. ఈ కుర్చీ కోసం అమ్మ వేళ్ళు రొయ్యల నీళ్ళలో ఎలా పాసిపోయాయో రత్నానికి గుర్తొచ్చింది. 'నిజం తూస్తాది' అనేటప్పుడు అమ్మ గడ్డం కొంచెం పైకెత్తేది.

"పేరు రాయి. నూకరత్నం. కారణం, సాక్షి ఆ రాత్రి చేసిన పనే మళ్ళీ చేశాడు."

"చేర్చాను. పద్నాలుగో ఘట్టంలో గాలి, వాసన, వెలుతురు: నిజపాళ్ళు నూరు. పోరాటం: సున్న. చిత్రం పాఠ్యార్హత కోల్పోయింది." తూకం ఆగింది. అది ఆగడం రత్నం ఎప్పుడూ వినలేదు. "నిద్ర కారణంగా పూరణ చేసిన పాత నమోదులు, అన్ని మందిరాల్లోనూ ఉన్నాయి. కొత్త వర్గం కింద వాటిని తిరిగి తూచాలా?"

విభావరి చప్పున ముందుకొచ్చింది. "వద్దు. ఆలోచించండి. నా ఒక్క సినిమాతో పోదు ఇది. బడిలో ఉన్న యుద్ధాలన్నీ..."

"తూచు," అంది రత్నం.

గోడ మీద పాఠ్యచిత్రాల పట్టిక ఎప్పుడూ పచ్చగా ఉండేది. ఒక మూల కనుమ యుద్ధం ఎర్రబడింది. దాని పక్కన ఇసుకదిబ్బల ముట్టడి. తర్వాత ఒకటి, ఇంకొకటి. ఎంతమంది ముసలివాళ్ళు ఎన్ని వాలుకుర్చీల్లో నిద్రపోయారో, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ నిద్రలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే బరువెక్కుతున్నాయి. బల్ల మీద పై కార్యాలయం పిలుపు మోగడం మొదలైంది.

"ఇప్పుడు నేనేం తియ్యాలి?" అంది విభావరి. కోపం ఇంకా పోలేదు గాని, మాట కాస్త తగ్గింది.

"ఒక వెదురు గెడ సంపాదించండి," అంది రత్నం. "గుల్లల్నే అంత నిజంగా పెంచారు. చప్పుడు కాకుండా పడవని ఎలా తోస్తారో తియ్యలేరా?"

విభావరి తలుపు వైపు ఒకసారి చూసింది. కానీ బయటికి వెళ్ళలేదు.

"అయిపోనాదేటమ్మీ?" అన్నాడు దానయ్య. "ఆ ఎర్రదీపాలేటి?"

"నీ నిద్ర లెక్కలోకి వచ్చింది పెద్దయ్యా. ఎల్లాజీ చేతిలో సీసా పోయింది."

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు. కళ్ళు తడిసినా తుడుచుకోలేదు. "అయితే," అన్నాడు, "ఆ గాలి ఇంకోపాలి ఎయ్యవా? బొమ్మొద్దు. గాలొక్కటే."

రత్నం తెర చీకటి చేసి, గాలి వదిలింది. ఉప్పు, తారు. దానయ్య తల మెల్లగా ఓ పక్కకి వాలింది. పిలుపు మోగుతూనే ఉంది. అద్దాల తలుపు అవతల ఎవరో పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు.

ఆమె పిలుపు గొంతు నొక్కేసి, లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. తిరిగొచ్చి ఆయన పక్కన కుర్చీ వేసుకుని, మేలుకుని కూర్చుంది.